భూగర్భ న్యూట్రినో శోధకాల జలరోధక కాంతి సంవేదకాలు

భూగర్భ న్యూట్రినో శోధకాలలో నీటిలో మునిగి ఉండి, అతి బలహీనమైన కాంతిని పసిగట్టి విద్యుత్ సంకేతంగా మార్చే సాధనాలను జలరోధక కాంతి సంవేదకాలు అంటారు. వీటిలో ఎక్కువ భాగం పెద్ద పరిమాణపు ఫోటోమల్టిప్లయర్ ట్యూబులే. గాజు బుడ్డి, దానిలోని శూన్యం, వోల్టేజిని పంచే వలయం, ఆ వలయాన్ని కప్పే జలరోధక ముద్ర, కేబులు, పీడనాన్ని తట్టుకునే బయటి కవచం: ఇవన్నీ కలిస్తేనే ఒక సంవేదకం పూర్తవుతుంది. వేల సంఖ్యలో అమర్చే ఈ సాధనాలు శోధకాన్ని ఒకసారి నింపాక 10 నుంచి 20 ఏళ్ల పాటు మరమ్మతు లేకుండా పనిచేయాలి. అందువల్ల కాంతిని గుర్తించే సామర్థ్యానికి ఇచ్చినంత ప్రాధాన్యాన్ని రూపకల్పనలో జలరోధకతకూ ఇస్తారు.

అవసరం

న్యూట్రినోకు విద్యుదావేశం లేదు. అది పదార్థంతో అత్యంత అరుదుగా చర్య జరుపుతుంది. అందుకే దాన్ని గుర్తించడానికి వేల టన్నుల పదార్థం కావాలి. చవకగా, పెద్ద మొత్తంలో దొరికే పారదర్శక పదార్థం నీరు. న్యూట్రినో నీటిలోని ఎలక్ట్రాన్‌తో గాని కేంద్రకంతో గాని చర్య జరిపినప్పుడు వెలువడే ఆవేశిత కణం, నీటిలో కాంతి వేగాన్ని మించి ప్రయాణిస్తే నీలికాంతి పుడుతుంది. ఇదే చెరెంకోవ్ కాంతి. పావెల్ చెరెంకోవ్ దీన్ని 1934లో ప్రయోగపూర్వకంగా వర్ణించగా, ఇల్యా ఫ్రాంక్, ఇగోర్ టామ్ 1937లో సిద్ధాంతపరంగా వివరించారు. ముగ్గురికీ 1958లో నోబెల్ బహుమతి లభించింది.

నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. కాంతి వేగానికి దగ్గరి వేగంతో పోయే కణం తన మార్గానికి దాదాపు 42 డిగ్రీల కోణంలో శంకువు ఆకారంలో ఈ కాంతిని వెదజల్లుతుంది. 300 నుంచి 600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్య ఒక సెంటీమీటరు మార్గానికి 300కు పైగా ఫోటాన్లు పుడతాయి. ఇవి పదుల మీటర్లు ప్రయాణించి శోధకం గోడలను చేరేసరికి, ఒక్కో సంవేదకానికి ఒకటి రెండు ఫోటాన్లే దక్కడం సాధారణం. కాబట్టి సంవేదకం ఒక్క ఫోటాన్‌ను కూడా గుర్తించగలగాలి. అది వచ్చిన క్షణాన్ని కొద్ది నానోసెకన్ల తేడాలో చెప్పగలగాలి.

కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యూఆన్ల తాకిడిని తగ్గించడానికి శోధకాలను భూమి అడుగున నిర్మిస్తారు. శిల నుంచి వచ్చే గామా కిరణాలను బయటి నీటి పొర అడ్డుకుంటుంది. ఈ నీటి పొర వల్ల, ఆవేశిత కణం తాకితే వెలుగు చిమ్మే ద్రవ సింటిలేటర్‌తో పనిచేసే శోధకాలలోనూ నీటిలో మునిగి ఉండే సంవేదకాలు అవసరమవుతాయి.

చరిత్ర

తొలి దశ. వోల్ఫ్‌గాంగ్ పౌలి 1930లో ప్రతిపాదించిన న్యూట్రినోను ఫ్రెడరిక్ రైన్స్, క్లైడ్ కోవన్ బృందం 1956లో అమెరికాలోని సవానా రివర్ రియాక్టరు వద్ద గుర్తించింది. ఆ ప్రయోగంలో ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు ద్రవ సింటిలేటర్ తొట్లను చూస్తూ ఉండేవి. 1965లో కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపాన్‌కు చెందిన ఒసాకా నగర విశ్వవిద్యాలయం, బ్రిటన్‌కు చెందిన డరమ్ విశ్వవిద్యాలయం కలిసి వాతావరణ న్యూట్రినోల జాడను నమోదు చేశాయి. అక్కడ వాడినవి ప్లాస్టిక్ సింటిలేటర్లు, నియాన్ ఫ్లాష్ ట్యూబులు. సంవేదకాలు గాలిలోనే ఉండేవి గనుక జలరోధకత సమస్య ఎదురుకాలేదు.

నీటి శోధకాల రాక. ప్రోటాన్ క్షయాన్ని వెతికే లక్ష్యంతో 1980ల ఆరంభంలో రెండు పెద్ద నీటి శోధకాలు వెలిశాయి. అమెరికాలో ఒహైయో రాష్ట్రపు ఉప్పుగనిలో నిర్మించిన ఐఎంబీలో 2,048 ట్యూబులు ఉండేవి. మొదట 5 అంగుళాలవి, తరువాత 8 అంగుళాలవి వాడారు. జపాన్‌లోని కమియోకా గనిలో 1983లో మొదలైన కమియోకాండేలో మసతోషి కొషిబా బృందం కోసం హమామత్సు సంస్థ తయారుచేసిన 20 అంగుళాల ట్యూబులు సుమారు వెయ్యి అమర్చారు. 1987 ఫిబ్రవరి 23న ఒక సూపర్‌నోవా నుంచి వచ్చిన న్యూట్రినోలలో కమియోకాండే 11, ఐఎంబీ 8 నమోదు చేశాయి. కొషిబాకు 2002లో నోబెల్ బహుమతి లభించింది.

భారీ శోధకాలు. 1996 ఏప్రిల్‌లో పనిచేయడం ప్రారంభించిన సూపర్-కమియోకాండే వెయ్యి మీటర్ల లోతున ఉంది. 39.3 మీటర్ల వ్యాసం, 41.4 మీటర్ల ఎత్తు గల ఉక్కు తొట్టిలో 50,000 టన్నుల నీరు ఉంటుంది. లోపలి భాగంలో 11,146 ట్యూబులు (20 అంగుళాలు), వెలుపలి భాగంలో 1,885 ట్యూబులు (8 అంగుళాలు) అమర్చారు. లోపలి గోడల వైశాల్యంలో 40 శాతాన్ని కాంతి గ్రహించే తలమే ఆక్రమించింది. కెనడాలోని సడ్బరీ న్యూట్రినో అబ్జర్వేటరీ క్రైటన్ గనిలో రెండు కిలోమీటర్ల లోతున, 1999 నుంచి 2006 వరకు దాదాపు 9,500 ట్యూబులతో (8 అంగుళాలు) వెయ్యి టన్నుల భారజలాన్ని పరిశీలించింది.

2001 ప్రమాదం. నిర్వహణ పనుల తరువాత సూపర్-కమియోకాండేలో నీరు తిరిగి నింపుతుండగా, 2001 నవంబరు 12న అడుగున ఉన్న ఒక ట్యూబు పగిలి లోపలికి కుప్పకూలింది. దాని నుంచి వెలువడిన ఘాత తరంగం పక్క ట్యూబులను పగలగొట్టింది. ఆ గొలుసు చర్యలో లోపలి భాగంలో 6,700కు పైగా, వెలుపలి భాగంలో వెయ్యికి పైగా ట్యూబులు ధ్వంసమయ్యాయి. మిగిలినవాటిని తక్కువ సాంద్రతతో మళ్లీ అమర్చి, ఒక్కోదానికి రక్షణ కవచం తొడిగి 2002లో శోధకాన్ని పునఃప్రారంభించారు. 2006 నాటికి ట్యూబుల సంఖ్యను దాదాపు మునుపటి స్థాయికి తెచ్చారు. ఈ ఘటన తరువాత కుప్పకూలడం నుంచి రక్షణ రూపకల్పనలో తప్పనిసరి అంశమైంది.

ఇటీవలి దశ. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో 700 మీటర్ల లోతున నిర్మించిన జూనో శోధకం 2025 ఆగస్టులో దత్తాంశ సేకరణ ప్రారంభించింది. 20,000 టన్నుల ద్రవ సింటిలేటర్ ఉన్న 35.4 మీటర్ల వ్యాసపు ఆక్రిలిక్ గోళాన్ని 17,612 పెద్ద ట్యూబులు (20 అంగుళాలు), 25,600 చిన్న ట్యూబులు (3 అంగుళాలు) నీటిలో మునిగి ఉండి గమనిస్తాయి. జపాన్‌లో హైపర్-కమియోకాండే నిర్మాణంలో ఉంది. దాదాపు 2.6 లక్షల టన్నుల నీరు పట్టే ఆ తొట్టి లోతు సుమారు 71 మీటర్లు.

పనిచేసే విధానం

ఫోటోమల్టిప్లయర్ ట్యూబు గాజు ముఖం లోపలివైపు కాంతి కాథోడ్ అనే పలుచని పూత ఉంటుంది. సాధారణంగా ఇది పొటాషియం, సీజియం, యాంటిమొనీల మిశ్రమం. ఫోటాన్ తగిలినప్పుడు కాంతివిద్యుత్ ఫలితం వల్ల ఒక ఎలక్ట్రాన్ వెలువడే సంభావ్యతను క్వాంటమ్ సామర్థ్యం అంటారు. సూపర్-కమియోకాండే ట్యూబులలో ఇది గరిష్ఠంగా 20 శాతం పైచిలుకు. తరువాతి తరం ట్యూబులలో 30 శాతం దాకా చేరింది.

వెలువడిన ఎలక్ట్రాన్‌ను విద్యుత్ క్షేత్రం డైనోడ్లవైపు లాగుతుంది. ఒక్కో డైనోడ్ వద్ద ఎలక్ట్రాన్ల సంఖ్య కొన్ని రెట్లు పెరిగి, చివరి ఆనోడ్‌ను చేరేసరికి ఒక్క ఎలక్ట్రాన్ సుమారు కోటి ఎలక్ట్రాన్లుగా మారుతుంది. ఇందుకు 1,500 నుంచి 2,000 వోల్టుల వరకు కావాలి. ఈ వోల్టేజిని నిరోధాల వరుస ఒక్కో డైనోడ్‌కు పంచుతుంది. ట్యూబు మెడ దగ్గర ఉండే ఈ వలయాన్ని బేస్ అంటారు.

నీటిలో మునిగే ట్యూబులలో సాధారణంగా కాథోడ్‌ను భూ విభవం వద్ద ఉంచి, ఆనోడ్‌కు ధనాత్మక అధిక వోల్టేజి ఇస్తారు. ఇలా చేస్తే గాజుకు, చుట్టూ ఉన్న నీటికి మధ్య పెద్ద విభవ భేదం ఉండదు. అనవసర సంకేతాలు తగ్గుతాయి. పలు శోధకాలలో అధిక వోల్టేజి, సంకేతం రెండూ ఒకే కేబులు మీదుగా సాగుతాయి. దీనివల్ల నీటిలో ముద్ర వేయవలసిన చోట్లు తగ్గుతాయి.

పెద్ద ట్యూబులలో ఎలక్ట్రాన్ దూరం ప్రయాణిస్తుంది గనుక భూ అయస్కాంత క్షేత్రం దాని దారి మళ్లిస్తుంది. దీన్ని సవరించడానికి తొట్టి చుట్టూ తీగచుట్టలు అమర్చడం గాని, ట్యూబు చుట్టూ అయస్కాంత కవచం ఉంచడం గాని చేస్తారు.

జలరోధక నిర్మాణం

గాజు బుడ్డి. ట్యూబు శరీరం బోరోసిలికేట్ గాజుతో చేస్తారు. ఇది నీటిని చొరనివ్వదు, పీడనాన్ని మోస్తుంది. గాజులో సహజంగా ఉండే యురేనియం, థోరియం, పొటాషియం రేడియోధార్మికత శోధకంలో తప్పుడు సంకేతాలకు మూలమవుతుంది. అందుకే సడ్బరీ వంటి ప్రయోగాలకు తక్కువ రేడియోధార్మికత గల ప్రత్యేక గాజును ఎంచుకున్నారు. లోహపు పిన్నులు గాజు గుండా బయటికి వచ్చే మెడ భాగం యాంత్రికంగా బలహీనమైన చోటు.

ముద్ర. పిన్నులు, బేస్, కేబులు మొదలయ్యే చోటు కలిపి నీటికి అందకుండా మూయడాన్ని పాటింగ్ అంటారు. ఎపాక్సీ, పాలీయురేథేన్, సిలికోన్, బ్యూటైల్ టేపు, వేడిచేస్తే బిగుసుకునే ట్యూబు, ఓ-రింగులు ఇందుకు వాడే సామగ్రి. గాజు, లోహం, ప్లాస్టిక్ ఉష్ణోగ్రతతో వేర్వేరుగా వ్యాకోచిస్తాయి. ముద్ర గట్టిగా ఉంటే గాజుపై ఒత్తిడి పడి పగులు రావచ్చు. మెత్తగా ఉంటే అంటుకున్న చోటు నుంచి ఊడిపోవచ్చు. అందుచేత ఒకే పదార్థంపై ఆధారపడక, ఒకటి విఫలమైనా మరొకటి నిలిచేలా రెండు మూడు పొరలుగా అడ్డంకులు ఏర్పరుస్తారు. పాలిమర్లన్నింటి గుండా నీటి ఆవిరి ఎంతో కొంత చొరబడుతుంది. దీర్ఘకాలిక రూపకల్పనలో ఈ చొరబాటు వేగాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

కేబులు. నీటికి తట్టుకునే పాలీఇథిలిన్ తొడుగును విరివిగా వాడతారు. తొడుగుకు చిన్న గాటు పడినా, లోపలి తీగల సందుల వెంట నీరు కేశనాళిక చర్యతో పాకి బేస్‌ను చేరగలదు. దీన్ని ఆపడానికి కేబులు లోపలే నీటి అడ్డుకట్ట ఏర్పరచడం, లేదా కేబులును ముడతల ఉక్కు గొట్టంలో నడిపించడం అనే రెండు పద్ధతులున్నాయి. జూనోలో రెండో పద్ధతి అనుసరించారు. సూపర్-కమియోకాండేలో దాదాపు 70 మీటర్ల కేబుళ్లు తొట్టి పైనున్న ఎలక్ట్రానిక్ గదులకు చేరతాయి. జూనోలో, హైపర్-కమియోకాండే ప్రణాళికలో సంకేతాలను అంకెలుగా మార్చే పరికరాలను కూడా జలరోధక పెట్టెల్లో నీటి అడుగునే ఉంచారు. కేబులు పొడవు తగ్గి సంకేతం స్పష్టంగా ఉంటుంది. అయితే ముద్ర వేయవలసిన పరికరాల సంఖ్య పెరుగుతుంది.

కనెక్టర్లు. అధిక వోల్టేజి మోసే కనెక్టర్లు నీటిలో సున్నితమైన భాగాలు. సడ్బరీలో నీటి నుంచి వాయువులను తొలగించినప్పుడు కనెక్టర్లలో విద్యుత్ ఉత్సర్గాలు మొదలయ్యాయి. నీటిలో శుద్ధ నైట్రోజన్‌ను తిరిగి కరిగించి ఆ సమస్యను అదుపు చేశారు.

పదార్థాల పొందిక. శోధకాలలో వాడే అతి శుద్ధ నీటిలో అయాన్లు దాదాపు ఉండవు. అది తాను తాకిన లోహాలు, ప్లాస్టిక్‌ల నుంచి పదార్థాలను కరిగించుకునే స్వభావం కలది. అలా కరిగినవి నీటి పారదర్శకతను తగ్గిస్తాయి. కాబట్టి ముద్ర నీటిని ఆపడంతో పాటు తాను నీటిని కలుషితం చేయకూడదు, రాడాన్‌ను విడుదల చేయకూడదు. న్యూట్రాన్లను గుర్తించడం కోసం 2020 నుంచి సూపర్-కమియోకాండే నీటిలో గాడోలినియం లవణం కలుపుతున్నారు. అటువంటి చోట సామగ్రి ఆ ద్రావణాన్ని కూడా తట్టుకోవాలి. ఇటలీలోని బొరెక్సినో శోధకంలో ట్యూబుల ముందు భాగం సేంద్రియ ద్రవంలో, వెనుక భాగం నీటిలో ఉండేవి. అందుకు రెండింటినీ తట్టుకునే ముద్ర కావలసి వచ్చింది.

పీడనం, రక్షణ కవచాలు

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనం సుమారు ఒక వాతావరణం పెరుగుతుంది. ట్యూబు లోపల శూన్యం ఉంటుంది గనుక పైనున్న గాలి పీడనం కూడా దీనికి తోడవుతుంది. 40 మీటర్ల లోతున 50 సెంటీమీటర్ల వ్యాసం గల ట్యూబు అడ్డుకోతపై దాదాపు 10 టన్నుల బరువుకు సమానమైన బలం పడుతుంది. 71 మీటర్ల లోతున అది 16 టన్నులకు చేరుతుంది.

గాజు పగిలిన వెంటనే చుట్టూ ఉన్న నీరు శూన్యంలోకి దూసుకుపోతుంది. కొన్ని మిల్లీసెకన్లలో అన్ని వైపుల నుంచి వచ్చిన నీరు మధ్యలో ఢీకొని హఠాత్తుగా ఆగుతుంది. అప్పుడు పుట్టే పీడన తరంగం బయటికి వ్యాపిస్తుంది. విడుదలయ్యే శక్తి లోతు వద్ద ఉన్న పీడనం, ట్యూబు ఘనపరిమాణాల లబ్ధంపై ఆధారపడుతుంది. అందువల్ల పెద్ద ట్యూబులు, లోతైన తొట్లు ఉన్నచోట ముప్పు ఎక్కువ.

సూపర్-కమియోకాండే కవచానికి ముందు వైపు పారదర్శక ఆక్రిలిక్ గిన్నె, వెనుక వైపు గాజునారతో బలపరిచిన ప్లాస్టిక్ ఉంటాయి. కవచానికి చిన్న రంధ్రాలుంటాయి. మామూలు సమయంలో వాటి గుండా నీరు లోపలికి చేరి రెండు వైపులా పీడనం సమానంగా ఉంటుంది. ట్యూబు పగిలితే బయటి నీరు ఆ రంధ్రాల గుండా మాత్రమే, నెమ్మదిగా ప్రవేశించగలదు. ఘాత తరంగం బలహీనపడి పక్క ట్యూబులు సురక్షితంగా ఉంటాయి. కవచం చేసే పని ట్యూబు పగలకుండా ఆపడం కాదు, ఒకటి పగిలినప్పుడు నష్టాన్ని దానికే పరిమితం చేయడం. ఆక్రిలిక్ 350 నానోమీటర్లకు పైన నీటిలో 95 శాతానికి మించి కాంతిని పోనిస్తుంది. అంతకన్నా తక్కువ తరంగదైర్ఘ్యాల వద్ద కొంత కాంతి నష్టం తప్పదు. జూనోలో ఆక్రిలిక్ ముందు కవచానికి ఉక్కు వెనుక కవచాన్ని జతచేశారు. అమెరికాలో ప్రతిపాదించిన ఒక నీటి శోధకం కోసం బ్రూక్‌హేవన్ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు నౌకాదళ పరీక్షా తొట్టిలో పెద్ద ట్యూబులను ఉద్దేశపూర్వకంగా పగలగొట్టి పీడన తరంగాన్ని కొలిచారు. ఆ ప్రాజెక్టు తరువాత ద్రవ ఆర్గాన్ శోధకం వైపు మళ్లింది.

రకాలు

డైనోడ్ ఆధారిత పెద్ద ట్యూబులు. 8 నుంచి 20 అంగుళాల వ్యాసం గలవి. సూపర్-కమియోకాండే ట్యూబులలో ఒక ఫోటాన్ రాకను చెప్పడంలో అనిశ్చితి 2 నానోసెకన్లకు కొంచెం ఎక్కువ. హైపర్-కమియోకాండే కోసం ఎంచుకున్న కొత్త డైనోడ్ అమరికలో ఇది దాదాపు సగానికి తగ్గింది. ఫోటాన్‌ను గుర్తించే సామర్థ్యం సుమారు రెట్టింపైంది.

మైక్రోఛానల్ ప్లేటు ట్యూబులు. డైనోడ్లకు బదులు సూక్ష్మరంధ్రాలున్న పలకలు ఎలక్ట్రాన్లను వృద్ధి చేస్తాయి. జూనో పెద్ద ట్యూబులలో అధిక భాగం ఈ రకానివే.

బహుళ ట్యూబుల మాడ్యూళ్లు. ఒకే పీడన పాత్రలో అనేక చిన్న ట్యూబులు ఉంటాయి. మధ్యధరా సముద్రంలోని కేఎం3నెట్ శోధకంలో 17 అంగుళాల గాజు గోళంలో 31 ట్యూబులు (3 అంగుళాలు) అమర్చారు. హైపర్-కమియోకాండే కోసం 19 ట్యూబులతో ఇలాంటి మాడ్యూళ్లు రూపొందించారు. వీటి వల్ల కాంతి వచ్చిన దిశ కూడా తెలుస్తుంది.

గాజు గోళపు మాడ్యూళ్లు. ట్యూబును, ఎలక్ట్రానిక్ పరికరాలను పూర్తిగా మందమైన గాజు గోళంలో మూస్తారు. దక్షిణ ధ్రువపు మంచులో 1,450 నుంచి 2,450 మీటర్ల లోతున ఉన్న ఐస్‌క్యూబ్ శోధకంలో ఇటువంటివి 5,160 ఉన్నాయి. ట్యూబుకు, గోళానికి మధ్య పారదర్శక జెల్ నింపుతారు. వందల వాతావరణాల పీడనాన్ని తట్టుకునే ఈ పద్ధతి సముద్రానికి, మంచుకు అనువైనది. గని లోపలి తొట్లలో పీడనం అంతకన్నా చాలా తక్కువ గనుక ట్యూబు గాజునే పీడన పాత్రగా వాడడం పరిపాటి.

సిలికాన్ ఫోటోమల్టిప్లయర్లు. ఘనస్థితి సాధనాలు కావడంతో వీటిలో శూన్యం లేదు, కుప్పకూలే ప్రమాదమూ లేదు. అయితే సాధారణ ఉష్ణోగ్రత వద్ద కాంతి లేకున్నా పుట్టే సంకేతాలు చాలా ఎక్కువ. విశాలమైన నీటి శోధకాలలో వీటి వాడకం పరిమితం.

పరీక్షలు

ప్రతి నమూనానూ పీడన తొట్టిలో, పనిచేసే లోతుకు మించిన పీడనం వద్ద ఉంచి చూస్తారు. హీలియం వాయువుతో సూక్ష్మ లీకులను పట్టుకుంటారు. నీటిలో ముంచి అధిక వోల్టేజితో రోజుల తరబడి నడిపి, ఇన్సులేషన్ నిరోధాన్ని, లీకేజి ప్రవాహాన్ని కొలుస్తారు. వేడి నీటిలో ఉంచితే పాలిమర్ల వృద్ధాప్యం వేగవంతమవుతుంది. ఆ ఫలితాల నుంచి చల్లని నీటిలో వాటి ఆయుష్షును అంచనా వేస్తారు. ముద్రకు వాడే సామగ్రిని శుద్ధ జలంలో నానబెట్టి నీటి పారదర్శకతలో మార్పును పరిశీలిస్తారు. జూనోలో ఆరేళ్లలో వైఫల్యం 0.5 శాతానికి మించకూడదన్నది లక్ష్యం.

సాధారణ వైఫల్యాలు

నీరు బేస్‌ను చేరితే లీకేజి ప్రవాహం పెరిగి, వోల్టేజి నిలవక ట్యూబును ఆపివేయవలసి వస్తుంది. డైనోడ్ల వద్ద ఉత్సర్గం వల్ల ట్యూబే వెలుగు వెదజల్లడం మరొక లోపం. ఇలాంటివాటిని ఫ్లాషర్లు అంటారు. ఒక్క ఫ్లాషర్ ఇతర ట్యూబులన్నింటిలో తప్పుడు సంకేతాలు పుట్టించగలదు. హీలియం పరమాణువులు గాజు గుండా నెమ్మదిగా చొరబడి శూన్యాన్ని చెడగొడితే, అసలు సంకేతం తరువాత అనుబంధ సంకేతాలు పెరుగుతాయి.

ప్రాముఖ్యం

సూపర్-కమియోకాండే 1998లో వాతావరణ న్యూట్రినోల డోలనానికి, అంటే రకం మార్పుకు, ఆధారం చూపింది. సడ్బరీ ప్రయోగం 2001, 2002 ఫలితాలతో సూర్యుడి న్యూట్రినోలు దారిలో రకం మార్చుకుంటున్నాయని నిరూపించింది. న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని తేల్చిన ఈ పరిశోధనలకు తకాకి కాజితా, ఆర్థర్ మెక్‌డొనాల్డ్ 2015 నోబెల్ బహుమతి పంచుకున్నారు. రెండు ఫలితాలకూ ఏళ్ల తరబడి నీటిలో స్థిరంగా పనిచేసిన వేల సంవేదకాలే పునాది. ప్రస్తుతం న్యూట్రినో ద్రవ్యరాశుల క్రమం, న్యూట్రినో, ప్రతిన్యూట్రినోల ప్రవర్తనలో తేడా, ప్రోటాన్ క్షయం, సూపర్‌నోవాలు ప్రధాన లక్ష్యాలు. వీటికి అరుదైన సంఘటనల కోసం దశాబ్దాల నిరీక్షణ కావాలి. తొట్టి ఎంత లోతైతే ముద్రపై, గాజుపై భారం అంత పెరుగుతుంది. కవచం మందం పెంచితే కాంతి తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య తగిన సమతౌల్యం సాధించడం ప్రతి కొత్త శోధకం రూపకల్పనలో తేల్చవలసిన అంశం.

ఇవి కూడా చూడండి: చెరెంకోవ్ వికిరణం, ద్రవ సింటిలేటర్, న్యూట్రినో డోలనం, ఫోటోమల్టిప్లయర్ ట్యూబు, సూపర్‌నోవా.